కొట్టేసిన పేర్ల జాడ

పుట్టుక, పెళ్లి, చావు. ఈ మూడు తేదీలూ దొరికితే వంశవృక్షం పూర్తయినట్టే అనుకుంటారు చాలామంది. నెదర్లాండ్స్‌లో 1811 తర్వాతి మనుషులకు అవి చాలావరకు దొరుకుతాయి కూడా. మరి పుట్టుకకూ పెళ్లికీ నడుమ ఆ మనిషి ఎక్కడున్నాడు, ఎవరి పంచన బతికాడు? అది తెలియాలంటే జనాభా రిజిస్టర్ తెరవాల్సిందే.

1849 జనగణన ఆధారంగా, 1850 నుంచి ప్రతి మునిసిపాలిటీ ఈ పుస్తకాలు పెట్టింది. ఇంటిపెద్ద పేరు, కింద భార్య (పుట్టింటి ఇంటిపేరుతోనే), పిల్లలు, ఒక్కోసారి ముసలి అత్తగారు, అద్దెకున్న కుర్రాడు. ఎదురుగా పుట్టిన తేదీ, ఊరు, వృత్తి, మతం, ఎక్కణ్నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్లారు.

పేజీ తిప్పగానే కంగారు పెట్టేవి అడ్డగీతలు. సగం పేర్లు కొట్టేసి ఉంటాయి. ఏ కలరాకో ఇల్లంతా తుడిచిపెట్టుకుపోయిందని కొత్తవాళ్లు బెంబేలెత్తుతారు. గీత ఉందంటే ఆ మనిషి ఆ పేజీలోంచి వెళ్లాడని మాత్రమే. చనిపోయి ఉండొచ్చు, వేరు కాపురం పెట్టి ఉండొచ్చు, పని వెతుక్కుంటూ రాటర్‌డామ్ చేరి ఉండొచ్చు. సంగతేమిటో చివరి గడుల్లో ఉంటుంది. పల్లెటూరి ఆడపిల్ల పేరు కొట్టేసి పక్కన పట్నం పేరు రాసుంటే, ఆ పట్నం రిజిస్టర్ చూడాలి. అక్కడా కనబడలేదా? పనివాళ్ల రిజిస్టర్ అడగాలి. చాలా ఊళ్లు వాళ్లకు విడిగా పుస్తకం పెట్టాయి. అసలు వెతుకులాట మజా అంతా అక్కడే.

తర్వాత కుటుంబ కార్డులొచ్చాయి, 1930ల చివర్లో మనిషికో కార్డు. ఇంత పక్కా లెక్క మంచికే వాడతారన్న పూచీ ఏమీ లేదు. ఏ చర్చి పుస్తకాలు తిరగేయాలో చెప్పే మతం గడే, జర్మన్ ఆక్రమణలో యూదులను చిరునామాతో సహా పట్టించింది. 1943 మార్చి 27 రాత్రి నాజీలను ప్రతిఘటించిన విల్లెమ్ అరోండేయస్ బృందం పోలీసు వేషాల్లో ఈ కార్డులుండే ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రిజిస్టర్ కార్యాలయంలోకి చొరబడి నిప్పుపెట్టింది. కాలిపోయినవి నూటికి 15 కార్డులే. బృందంలో 12 మందికి మరణశిక్ష పడింది.

వెతికేవాళ్లకు ఒక మాట. రిజిస్టర్‌లోని పుట్టిన తేదీని జనన పత్రంతో సరిచూసుకోండి. ఎత్తిరాసేటప్పుడు గుమాస్తాలు తప్పులు చేశారు. భీమిలి సమాధుల మీది డచ్చివాళ్లను మాత్రం ఇందులో వెతకొద్దు. 1825లో వాళ్లు ఆ ఊరు ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పేనాటికి ఈ పుస్తకాలే లేవు. డచ్ ఈస్టిండియా కంపెనీ నౌకర్ల జీతాల పుస్తకాలు హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి; ముందు అవి చూడండి.