మన కథల్లో మాట్లాడని పిల్లవాడు

అమెరికా తెలుగు కథల్లో ఆటిజం ఉన్న పిల్లవాడు ఇప్పుడు కొత్తవాడేమీ కాదు. గత ఇరవై పాతికేళ్ళలో ఇక్కడినుంచి వచ్చిన కథలు వరసగా చదువుతూ పోతే ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాడు. కథ దాదాపు ఒకే దారిన నడుస్తుంది. మూడేళ్ళు నిండినా మాట రాని పిల్లవాడు, డాక్టరు గదిలో ఆ పేరు మొదటిసారి విన్న తల్లి, లాప్‌టాప్ వెనక దాక్కున్న తండ్రి, ఇండియానుంచి ఫోన్లో "మీ మామగారికి కూడా అయిదేళ్ళదాకా మాటలు రాలేదమ్మా" అనే అత్తగారు. ఆఖరి పేజీలో పిల్లవాడు పియానో ముందు కూర్చుంటాడు, లేదా ఎవరూ నేర్పని బొమ్మ ఒకటి గీస్తాడు. అందరి కళ్ళూ చెమరుస్తాయి. కథ అయిపోతుంది.

ఈ కథలను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఇంట్లోవాళ్ళు "పిల్లాడు కాస్త మొండి" అని సర్దిచెప్పుకుంటూ, స్నేహితులు పుట్టినరోజు పార్టీలకు పిలవడం మెల్లగా మానేస్తున్న రోజుల్లో ఈ సంగతి అచ్చులో పెట్టడానికి ధైర్యం కావాలి. నా ఫిర్యాదు వేరు. ఈ కథల్లో తల్లి కుములుతుంది, తండ్రి మారతాడు, అత్తగారు అర్థం చేసుకుంటుంది. పిల్లవాడికి మాత్రం ఏమీ జరగదు. షాపింగ్ మాల్లో నేలమీద పడి ఏడుస్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళ చూపులు తల్లికి ఎలా గుచ్చుకున్నాయో అరపేజీ ఉంటుంది. ఆ ట్యూబ్‌లైట్ల రొద వాడి చెవులకు ఎలా ఉందో ఒక్క వాక్యం ఉండదు.

మనిషి బుర్రలోకి దిగడం తెలుగు వచనానికి చేతకాదా? అలా అనడానికి వీల్లేదు. 1947లోనే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు మనసు ఎలా తనను తాను తినేస్తుందో చూపించాడు. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య భయాలు చాలా చిన్నవి; కాని చదువుతున్నంతసేపూ మన అరచేతులకు కూడా చెమట పడుతుంది. 1969లో వచ్చిన 'అంపశయ్య'లో నవీన్ ఒక ఉస్మానియా విద్యార్థి పదహారు గంటల ఆలోచనలతో నవలంతా నడిపాడు. అయితే వీళ్ళంతా లోపల మాటలు దండిగా ఉన్నవాళ్ళు. పైకి నోరు మెదపని సుబ్బయ్య కూడా మనసులో తనతో తాను మాట్లాడుకుంటూనే ఉంటాడు. మాటకన్నా ముందు చప్పుడూ, వెలుగూ, బట్ట గరుకూ తోచేవాడి మనసు తెలుగులో ఎలా ఉంటుందో నేను చదివినంతలో ఎవరూ పట్టుకోలేదు.

ఇంగ్లీషులో ఆ పని అలాంటి మనసున్నవాళ్ళే చేశారు. టెంపుల్ గ్రాండిన్ 1995లో ప్రచురించిన 'థింకింగ్ ఇన్ పిక్చర్స్' చూడండి. చిన్నప్పుడు ఆమెకు ఎవరైనా గట్టిగా పట్టుకుంటే బాగుండునని ఉండేది; తీరా మనిషి దగ్గరికి తీసుకుంటే భరించలేకపోయేది. అరిజోనాలో వాళ్ళ పిన్నిగారి పశువుల క్షేత్రంలో, టీకాలకోసం ఆవులను రెండు పలకల మధ్య నిలిపి అదిమే యంత్రం ఆమె కంటబడింది. ఆ పలకల మధ్య పశువులు నెమ్మదించడం గమనించి, తనకు సరిపడేలా అలాంటిదే ఒకటి తయారు చేసుకుంది. ఒత్తిడి ఎంత ఉండాలో మీట తన చేతిలోనే ఉంటుంది. ఇదే సంగతి మన కథలో ఎలా వస్తుంది? "కన్నకొడుకు ఒళ్ళోకి రాడు" అన్న తల్లి గాయంగా వస్తుంది. గాయం నిజమే. కాని ఆ ఒళ్ళు వాడికి ఎలా తగులుతుందో అడిగినవాళ్ళు లేరు.

గ్రాండిన్ ఒక్కరి మాటే అందరికీ వర్తించదు. ఆటిజం ఉన్నవాళ్ళంతా తనలాగే బొమ్మల్లో ఆలోచిస్తారని మొదట రాసిన ఆవిడే, అది పొరపాటని తరువాతి కూర్పులో దిద్దుకుంది. ఇక 2003లో మార్క్ హాడన్ రాసిన కుక్క హత్య నవలలో పదిహేనేళ్ళ క్రిస్టఫర్ తన కథ తనే చెబుతాడు, వాడి జబ్బు పేరు పుస్తకం లోపల ఎక్కడా రాదు. ఆ రెండూ నాకు నచ్చాయి. వాణ్ణి లెక్కల్లో దిట్టను చెయ్యడం మాత్రం మన పియానోకి చుట్టమే.

అసలు చిక్కు ఇంకా లోపల ఉందని నా అనుమానం. మన కథలో పిల్లవాడు తెలుగులో మాట్లాడడు, ఎందుకంటే బయట వాడిదగ్గరనుంచి మనం మొట్టమొదట తీసేసింది తెలుగే. "రెండు భాషలతో తికమక పడతాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్న సలహా ఇక్కడ ఎన్ని తెలుగు ఇళ్ళకు అందిందో లెక్కలేదు. రెండు భాషలు వినడంవల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట ఇంకా ఆలస్యమవుతుందనడానికి తరువాతి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఈలోగా అమ్మమ్మలకూ మనవలకూ మధ్య ఉన్న ఒక్క తీగా తెగిపోయింది.

మా అత్తగారికి ఇంగ్లీషు రాదు కాబట్టి ఆ సలహా మా ఇంట్లో సగమే అమలైంది. ఆవిడ రోజూ అడిగే "అన్నం తిన్నావా నాన్నా?" అన్నది మావాడు అలాగే, అదే రాగంతో అప్పజెప్పేవాడు. ఇంటికొచ్చినవాళ్ళు తమనే అడుగుతున్నాడనుకుని మురిసిపోయి "తిన్నాం బాబూ" అనేవారు. వాడికి ఆకలి.

1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండు మంది పిల్లలమీద రాసిన వ్యాసంలోనే ఇది ఉంది: "నేను" అనవలసినచోట, తాము విన్న "నువ్వు"నే తిరిగి అనడం. అది ఊరికే చిలకపలుకు కాదనీ, దానితో పిల్లలు అడగడం, ఒప్పుకోవడం లాంటి పనులు చేస్తారనీ 1980ల మొదట్లో బారీ ప్రైజాంట్ వంటివారు చూపించారు. ఇంగ్లీషులో ఆ తారుమారు సర్వనామంలో బయటపడుతుంది. మనకు సర్వనామం చెప్పక్కర్లేదు. 'తిన్నాను', 'తిన్నావు' అని క్రియ చివర ఒక్క అక్షరంలో మనిషి మారిపోతాడు. 'కావాలి', 'కావాలా' మధ్య ఒక్క దీర్ఘమే తేడా. కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి? పాఠకుడు మొదటి పేజీలో పొరబడి, మూడో పేజీకల్లా వాడి భాష నేర్చుకునే కథ తెలుగులోనే రాయడానికి వీలుంది. దాన్ని ఇంగ్లీషులోకి తిప్పడం కష్టం.

ఇంకో సంగతి. మన కథల్లో వీడికి ఎప్పుడూ ఎనిమిదేళ్ళే. ప్రత్యేక విద్యకు హక్కు కల్పించిన చట్టం ఇక్కడ 1975లో వచ్చింది, 1990లో ఆటిజం అందులో విడిగా చేరింది. ఆ అండతో చదువుకున్న మనపిల్లలు కొందరు ఇప్పుడు ముప్ఫై దాటారు. సాధారణంగా ఇరవయ్యొకటి దాటాక స్కూలు బస్సు రాదు. తల్లిదండ్రులు అరవైల్లో పడి, మనం పోయాక ఎవరు చూస్తారన్న ప్రశ్నతో లాయర్ల దగ్గర కూర్చుంటున్నారు. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యాల్లో చేర్చింది కదా, ఇండియా వెళ్ళిపోదామా అని లెక్కలు వేసేవాళ్ళూ ఉన్నారు. ఈ తల్లుల్లో కొందరు డిప్రెషన్‌కి మందులు వాడుతున్నారు, ఆ మాట దగ్గరి స్నేహితురాలికి కూడా చెప్పరు. మన కథలు తల్లికి కన్నీళ్ళు పెట్టాయిగాని మందుసీసా ఇవ్వలేదు.

అరవై దాటిన తల్లీ, ముప్ఫై దాటిన కొడుకూ ఒక మామూలు మంగళవారం గడిపే కథ నేనింకా చదవలేదు. వాడికి ఏ గిన్నెలో తప్ప పెరుగన్నం దిగదో, సీలింగు ఫాను తిరుగుతుంటే ఏమవుతుందో, ఆవిడ ఆ రాత్రి ఏ మాత్ర వేసుకుని పడుకుంటుందో అందులో ఉండాలి. వాడు ఆ రోజంతా అన్న పది పదిహేను మాటలూ అన్నవి అన్నట్టుగానే ఉండాలి.