కాటిసీను పద్యాలు: కర్తృత్వం, హక్కు

ఎమ్మిగనూరు జాతరలోనో ఆదోని పరిసర గ్రామాల్లోనో హరిశ్చంద్ర నాటకం ఆడితే, దాన్ని చిత్రీకరించి యూట్యూబులో ఉంచేవారికి ఎదురయ్యే కాపీరైట్ చిక్కు పైకి సాంకేతికమైనది. మూలంలో అది పాఠనిర్ణయ సమస్య. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో మరణించారు. 1957 నాటి చట్టం ప్రకారం కర్త మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది కనుక, ఆయన నాటకం 2014 నుండి అందరిదీ. అయితే కాటిసీనులో నటులు తరచు పాడేవి జాషువా పద్యాలు. జాషువా మరణించింది 1971లో. ఆ పద్యాలపై హక్కు 2031 చివరి వరకు ఉంటుంది. ప్రేక్షకుడు ఒకే నాటకంగా వినేదానిలో చట్టం ఇద్దరు కర్తలను చూస్తుంది.

యూట్యూబు వారి కంటెంట్ ఐడీ వీరిద్దరినీ చూడదు. హక్కుదారు ముందుగా అప్పగించిన ముద్రణతో పోల్చడమే దాని పని. పద్యం ఎవరిదన్నది దానికి పట్టదు. వీడియోకర్తలు ఆశ్రయించే ‘ఫెయిర్ యూజ్’ అమెరికా చట్టంలోని మాట. మన చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష వంటి ప్రయోజనాలను పేర్కొని, వాటికే సముచిత వినియోగాన్ని అనుమతిస్తుంది. జాషువా పద్యాన్ని ఉదాహరించి రాగాన్ని, విరుపును వివరించే వీడియోకు అక్కడ ఆధారం దొరుకుతుంది. రాత్రంతా ఆడిన నాటకాన్ని యథాతథంగా ఉంచినదానికి ఆ ఆధారం చాలదు. చిత్రమేమంటే, ప్రాంతీయ గానశైలిని పరిశోధకుడికి సమగ్రంగా అందించేది ఈ రెండవదే.