కుడిచేయి ఎక్కడుంది?

అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్‌కు రెండు రంధ్రాలున్నాయి. ఒకటి మార్టిన్ కంపెనీ పెట్టిన సౌండ్‌హోల్. రెండోది ఆయన పిక్ తొలిచింది. 1969లో కొన్న ఆ ఎన్-20 మోడల్ గిటార్‌కి ‘ట్రిగ్గర్’ అని పేరు పెట్టుకున్నారు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ కావడంతో చెక్కకు కాపుగా పిక్‌గార్డ్ లేదు. ఆయన మాత్రం దశాబ్దాలుగా దాన్ని పిక్‌తోనే వాయిస్తూ వచ్చారు. సౌండ్‌హోల్‌కీ బ్రిడ్జ్‌కీ మధ్య చెక్క అరిగి అరిగి చిల్లు పడింది. ఆయన కుడిచేయి ఎక్కడ తిరుగుతుందో చూపించే ఆనవాలు అది.

గిటార్ నేర్చుకునేవాళ్ల చూపంతా ఎడమచేతి మీదే ఉంటుంది. కార్డ్ పడిందా, వేలు సరిగ్గా నొక్కిందా అన్నదే ధ్యాస. నాదం నచ్చకపోతే తీగలు మారుస్తారు, ఖరీదైన గిటార్ కోసం డబ్బు కూడబెడతారు. అంతకంటే ముందు కుడిచేతిని రెండంగుళాలు జరిపి చూడాలి. పైసా ఖర్చు లేని ఈ పని మొదటి పాఠాల్లోనే చెప్పాల్సింది. చాలామందికి ఏళ్లు గడిచాక గానీ తెలియడం లేదు.

ఓపెన్ జి తీగను పన్నెండో ఫ్రెట్ మీద మీటితే నాదం గుండ్రంగా, మెత్తగా వస్తుంది. అదే తీగను బ్రిడ్జ్ పక్కన మీటితే సన్నగా, పదునుగా మోగుతుంది. శ్రుతి మాత్రం అదే. మీటిన తీగ మొత్తంగా ఊగుతూనే, రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, ఇంకా చిన్న భాగాలుగా కూడా కంపిస్తుంది; ఈ కంపనాలే హార్మోనిక్స్. మీటిన చోటు ఏ కంపనానికి కదలని బిందువో, ఆ కంపనం పుట్టదు. 1800లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త థామస్ యంగ్ ప్రకటించిన సూత్రమిది. నట్టనడుమ, అంటే పన్నెండో ఫ్రెట్ మీద, మీటితే సరిసంఖ్య హార్మోనిక్స్ అన్నీ పోతాయి. బ్రిడ్జ్ వైపు జరిగేకొద్దీ పై హార్మోనిక్స్ బలం పుంజుకుని, మూలస్వరం పలచబడుతుంది.

స్పానిష్ గిటారిస్ట్ ఫెర్నాండో సోర్‌కు ఇదంతా చెవితోనే తెలుసు. 1830లో పారిస్‌లో అచ్చయిన తన గిటార్ మెథడ్‌లో, మామూలుగా బ్రిడ్జ్ నుంచి తీగ పొడవులో పదో వంతు దూరాన మీటుతానని, మెత్తని నాదం కావాలంటే ఎనిమిదో వంతుకు జరుగుతానని రాశాడు. నేటి 650 మిల్లీమీటర్ల తీగ మీద ఆ రెండు చోట్లూ 65, 81 మిల్లీమీటర్లు. తేడా బొటనవేలి వెడల్పంత కూడా ఉండదు! ఆ కాస్త దూరానికి అంత విలువిచ్చిన మనిషి ఆయన.

‘చేయి కదపకు’ అని గురువులు చెబుతుంటారు. వేగానికీ గురి తప్పకుండా ఉండటానికీ ఆ మాట పనికొస్తుంది. కానీ చేయి కదలకపోయినా నాదం మారుతూనే ఉంటుంది. ఓపెన్ తీగను బ్రిడ్జ్ నుంచి నాలుగో వంతు దూరంలో, అంటే దాదాపు 16 సెంటీమీటర్ల దగ్గర, మీటుతున్నారనుకుందాం. ఐదో ఫ్రెట్ నొక్కితే మోగే తీగ పొడవు నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. చేయి ఉన్నచోటే ఇప్పుడు మూడో వంతు అయింది. పన్నెండో ఫ్రెట్ దగ్గరికి వచ్చేసరికి అదే చోటు సరిగ్గా సగం. పాట పైస్థాయికి వెళ్లి వెలగాల్సిన వేళ స్వరం మెత్తబడటానికి ఇదొక కారణం. చాలామంది ఆ నింద గిటార్ మీద వేస్తారు.

క్లాసికల్ గిటారిస్ట్ ఆండ్రెస్ సెగోవియా రికార్డింగులు ఈ విషయంలో మంచి పాఠం. ఒక స్వరగుచ్ఛం రెండోసారి వచ్చినప్పుడు ఆయన చేయి ఫ్రెట్‌బోర్డ్ వైపో బ్రిడ్జ్ వైపో జరుగుతుంది; అవే స్వరాలు మరో గొంతుతో వినిపిస్తాయి. కొందరికి ఆ మార్పులు మరీ ఎక్కువనిపించవచ్చు. కానీ ఒకే వాద్యంలో అన్ని గొంతులున్నాయని అంత స్పష్టంగా చూపినవారు అరుదు.

ఇంట్లో పరీక్షించి చూడటం తేలికే. ఒకే తీగ మీద ఓపెన్ నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా స్కేల్‌ను చేయి కదపకుండా ఒకసారి వాయించి ఫోన్‌లో రికార్డు చేయాలి. రెండోసారి ఎడమచేయి పైకి వెళ్తున్నకొద్దీ కుడిచేతిని 16 సెంటీమీటర్ల నుంచి 8 దాకా బ్రిడ్జ్ వైపు తీసుకురావాలి. తర్వాత రెండూ పక్కపక్కన వినాలి.