నెత్తురు మనది, ప్రశ్న ఎవరిది?

జన్యుశాస్త్ర నైతికత మీద పరిశోధన మొదలుపెట్టే దళిత విద్యార్థికి రెండు కుర్చీలే కనపడతాయి. ఒకటి శాంపిల్ ఇచ్చేవాడిది. రెండోది ఎథిక్స్ కమిటీలో 'సామాన్యుడి'ది. కమిటీలో డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవాళ్లు, సామాజిక శాస్త్రమో నీతిశాస్త్రమో చదివినవాళ్లు, ఒక సామాన్యుడు ఉండాలని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సామాన్యుడిగా మనల్ని పిలవడానికి ఎవరికీ పెద్ద అభ్యంతరం ఉండదు. కానీ ఏం వెతకాలి, ఏ పేరుతో వెతకాలి, దొరికింది ఎవరికి చెప్పాలి అని తేల్చే చోట మనమెక్కడ? ఈ రంగంలోకి వచ్చే మన పిల్లలు ముందు పోరాడాల్సింది ఆ మూడో కుర్చీ కోసమే.

ఎందుకంటే ప్రశ్నని బట్టే జవాబు. 2001లో 'జీనోమ్ రీసెర్చ్' పత్రికలో మైకేల్ బామ్‌షాద్ బృందం రాసిన వ్యాసం వచ్చింది. అందులోని నెత్తురు మన తెలుగు నేలదే, విశాఖపట్నం జిల్లాది. ఎనిమిది కులాలకు చెందిన సుమారు 265 మంది మగవాళ్ల శాంపిళ్లు తీశారు. బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్యుల్ని పై వరుసలో, కాపు, యాదవుల్ని మధ్య వరుసలో, రెల్లి, మాల, మాదిగల్ని కింది వరుసలో పెట్టారు. తండ్రి వైపు గుర్తుల్ని బట్టి పై కులాలు యూరపువాళ్లకి దగ్గరని, కిందికి వచ్చేకొద్దీ ఆ దగ్గరితనం తగ్గుతుందని తేల్చారు. ఈ వరుస ఎక్కడిది? ప్రయోగశాలలో పుట్టింది కాదు, శాంపిళ్లు తీయకముందే రాసి పెట్టుకున్నది. మనువు గీసిన నిచ్చెన పట్టికలోకి అట్లాగే దిగింది. నిచ్చెన ఎలా నిలబడింది, ఎవరు నిలబెట్టారు అన్నది పట్టికకి పట్టలేదు.

1998లో అదే బృందం 'నేచర్'లో ఇంకో మాట చెప్పింది. కింది కులాల ఆడవాళ్లు పై కులాల్లోకి కదిలారని, మగవాళ్లు కదల్లేదని. తల్లి వైపు గుర్తులు ఒక వంశం అటునించి ఇటు వెళ్లిందని చెప్పగలవు. పెళ్లిగా వెళ్లిందా, బలవంతంగా వెళ్లిందా అనేది చెప్పలేవు. 'కదలిక' అన్న మాట ఆ తేడాని మింగేస్తుంది. దొర పొలంలో కలుపు తీసిన అవ్వల్ని అడిగితే కదలిక ఎట్లాంటిదో వాళ్లు చెబుతారు.

అట్లాగని జన్యుశాస్త్రం మనకి శత్రువని నేననడం లేదు. అదే శాస్త్రాన్ని ఇంకో ప్రశ్న అడిగితే ఇంకో జవాబు వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2013లో ప్రచురించిన వ్యాసం 'ఎవరు ఎవరికి దగ్గర' అని కాకుండా 'ఎప్పుడు కలిశారు, ఎప్పుడు ఆగారు' అని అడిగింది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం విస్తారంగా కలిశారని, ఆ తర్వాత గుంపులు తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం స్థిరపడిందని చెప్పింది. కులం గుట్టు లోపలి పెళ్లిలోనే ఉందని అంబేద్కర్ 1916లోనే కొలంబియాలో చదివిన పత్రంలో చెప్పాడు. 1948లో 'ద అన్‌టచబుల్స్'లో వాళ్ల ముక్కు కొలతలు తీసుకునే, అంటరానివాళ్లు వేరే జాతి అన్న వాదాన్ని పడగొట్టాడు. కొలతబద్ద వాళ్లది, ప్రశ్న ఆయనది. మనకి దారి అక్కడుంది.

పల్నాడు వాళ్లకి ఇది చెప్పడం తేలిక. బ్రహ్మనాయుడి చాపకూడు కథ కారెంపూడి వీరుల గుడి దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. మాల కన్నమదాసు ఆ చాప మీద కూర్చున్నాడు. కూటికి కలిశాం సరే, పెళ్లికి? ఈ ప్రశ్నకి వైద్యంలో కూడా చోటుంది. బిడ్డకి జబ్బొస్తే 'మేనరికం చేసుకున్నారు కదమ్మా' అని తల్లినే తప్పుపడతారు. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన అధ్యయనం ఏం చెప్పిందంటే, కొద్దిమంది పూర్వీకుల నించి పెరిగి, తరాల తరబడి లోపలే పెళ్లిళ్లు చేసుకున్న గుంపుల్లో దగ్గరి బంధువుల పెళ్లి లేకపోయినా కొన్ని జబ్బుల ముప్పు ఉంటుంది. మేనరికం వద్దని చెప్పే డాక్టర్లున్నారు. కులంలోనే పెళ్లి వద్దని రాసిన ఆస్పత్రి గోడ నేనింకా చూళ్లేదు. ఆరోగ్యం కోసం కులాంతర వివాహం చేసుకోమని నేననడం లేదు. తప్పు తల్లి మీద పడి, వ్యవస్థ మీద పడకపోవడమే నైతిక సమస్య అంటున్నాను.

ఆ అధ్యయనమే వైశ్యుల ఉదాహరణ ఇస్తుంది. ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలించే ఒక మందు వాళ్లలో కొందరికి ఇస్తే మామూలుకన్నా చాలాసేపు పనిచేస్తుంది. ఈ సంగతి తెలిసిన మత్తు డాక్టరు జాగ్రత్త పడతాడు. నెత్తురు నించి వచ్చిన తెలివి నెత్తురిచ్చినవాళ్ల మంచం దగ్గరికి చేరడం అంటే ఇదే. మాల, మాదిగ, యానాది, చెంచు పేర్లతో అచ్చయిన తెలివి కూడా అట్లా చేరాలని అడగడం దయ కోరడం కాదు, హక్కు.

ఇక ఒప్పుదల. 2011లో పిడుగురాళ్ల పేద ఆడవాళ్లని డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి మందుల పరీక్షల్లో పెట్టిన సంగతి బయటపడింది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారు. ఇవి జన్యు పరిశోధనలు కావు. కానీ సంతకం అంటే ఒప్పుకోలు అనుకునే చదువు ఏం చేస్తుందో చూపిస్తాయి. జన్యువుల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. సంతకం ఒక్కడిది, అచ్చయ్యే పేరు వాడ మొత్తానిది. అమెరికాలో హవాసుపాయ్ తెగ మధుమేహం పరిశోధనకని ఇచ్చిన నెత్తురుని మానసిక జబ్బులకీ వలసల చరిత్రకీ వాడుకున్నారని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ మీద దావా వేసింది. 2010లో 7 లక్షల డాలర్ల పరిహారంతో పాటు తమ నెత్తురునీ వెనక్కి తెచ్చుకుంది. దక్షిణాఫ్రికా సాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకి తామే నియమాలు రాసిచ్చారు.

మన దగ్గర ఈ పని చెయ్యడానికి మనిషి తయారవ్వాలి. నెట్ జాబితాలో బయోఎథిక్స్ అనే సబ్జెక్టు లేదు. సైన్సు వాళ్లు 'నువ్వు సోషల్ సైన్సు' అంటారు, సోషల్ సైన్సు వాళ్లు 'ఇది సైన్సు కదా' అంటారు. ఫెలోషిప్ డబ్బు నెలనెలా రాకపోతే ఇంటికి పంపేది ఆగుతుంది. మొదటి తరం చదువరికి ఈ రెండు గడపల మధ్య నిలబడి ఎదురుచూసే తీరిక ఉండదు. అయినా మన దగ్గర ఒకటుంది. 'జన్యువు' అన్న మాట తెలియని మాచర్ల ముసలవ్వ 'వంశంలో వచ్చింది' అంటే ఏమంటుందో మనకి తెలుసు. ఆ మాటని ఫారంలోకి, ఫారంలోని మాటని ఆమె దగ్గరికి మోసే పని పరిశోధనే. దాన్ని దుబాసీ పనిగా చూసి పక్కన పెట్టనివ్వకండి.

ఉపాధ్యాయులు, కార్యకర్తలు తక్షణం చెయ్యగలిగింది ఒకటుంది. వాడలోకి సిరంజి వస్తే మూడు అడగండి. మా కులం పేరు ఎందుకు రాస్తారు? దొరికింది మాకు తెలుగులో ఎప్పుడు చెబుతారు? రేపు వద్దనుకుంటే మా నెత్తురు తిరిగిస్తారా? జవాబు చెప్పలేని పరిశోధనకి చెయ్యి చాపనక్కర్లేదు.