కొరంగి దోణి, నలభై ఎనిమిదో వంతులో

పాతకాలపు తెరచాప యుద్ధనౌకలకు కొయ్య నమూనాలు చెయ్యాలని సరదాపడేవాళ్లు చాలామంది మొదట విక్టరీ మీద పడతారు. 1805లో ట్రఫాల్గర్ పోరులో నెల్సన్ ఎక్కిన ఓడ అది. పటాలు దొరుకుతాయి, కిట్లు దొరుకుతాయి, అసలు ఓడే పోర్ట్స్‌మత్‌లో ఉంది. కానీ అమలాపురంలోనో రాజోలులోనో ఉలి పట్టిన కుర్రవాళ్లకు నేను చెప్పే మాట వేరు. ఓడల కోసం అంత దూరం పోనక్కర్లేదు. గౌతమి దాటితే కొరంగి, వశిష్ఠ దాటితే నరసాపురం.

ఈ రెండు ఊళ్ల మధ్య నేల మన కోనసీమ. మన్యం టేకు గోదావరి మీద తేలివచ్చి నరసాపురం చేరేది. పదిహేడో శతాబ్దంలోనే అక్కడ ఇంగ్లీషువాళ్లు ఓడలు కట్టించుకున్నారు. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే ఓడ వర్తకుడు ఆ పనితనం గురించి రాసిపెట్టాడు. ఇక కొరంగి సంగతి ఇంకా గొప్పది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కలకత్తాకూ సింహళంలోని ట్రింకోమలీకీ నడుమ పెద్ద ఓడను డాక్‌లోకి ఎక్కించి బాగుచేయగల రేవు అదొక్కటే. 1802లో ఎబెనెజర్ రోబక్ అక్కడ డాక్ కట్టించాడు. బ్రిటిష్ నౌకాదళం వాళ్ల ఆల్బట్రాస్ అందులోనే మరమ్మతు చేయించుకుంది. 1795లో నీళ్లలోకి దిగిన రెండు స్తంభాల యుద్ధనౌక అది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన కొరంగిని ముంచేసింది. మిగిలిన రేవును మేట పూడ్చింది.

నమూనా ఎందుకు అవసరమో ఇక్కడే తెలుస్తుంది. ఇంగ్లండులో పదిహేడో శతాబ్దం నుంచే యుద్ధనౌకలకు నలభై ఎనిమిదో వంతు నమూనాలు చేశారు. లోపలి కర్రలు ఎలా పేర్చారో కనబడాలని అడుగుభాగానికి పలకలు కొట్టకుండా వదిలేసేవారు. అవి ఈనాటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. మన ఓడ వడ్రంగులు కంటి కొలతతో, చేతిలో ఉన్న అచ్చులతో, తండ్రి నుంచి కొడుక్కు నోటిమాటగా అందిన లెక్కతో కట్టారు. పని నీళ్లమీదికి వెళ్లిపోయింది, లెక్క మనుషులతో పోయింది. కాబట్టి బయటివాళ్లు ఎవరైనా కొలిచి రాసిందే మనకిప్పుడు ఆధారం.

ఆ కొలిచినవాళ్లలో నాకు ముఖ్యుడు జాన్ ఎడై. ట్రింకోమలీ నౌకాదళపు యార్డులో పెద్ద మేస్త్రిగా చేశాడు. మన తీరపు పడవల రకాల మీద 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాస్తూ కొరంగి దోణి కొలతలిచ్చాడు. పొడవు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు బల్లపరుపు. మధ్యలో 7 అడుగుల వెడల్పున్న ఆ అడుగు రెండు కొసలకూ పోయేసరికి 10 అంగుళాలకు సన్నబడుతుంది. ముందు భాగం, వెనక భాగం ఒకే తీరు. ఖాళీగా ఉంటే 4 అడుగుల నీళ్లు చాలు, సరుకు నిండితే 9 అడుగులు కావాలి. ఒకే స్తంభం, దానికో తెరచాప. ఈ అంకెలు చదివితే నాకు గోదావరి మొగే కనబడుతుంది. ఇసుక తిన్నెలు ఎప్పటికప్పుడు చోటు మార్చే చోట అడుగున కోసుగా దిగే ఓడ ఒక్క పోటు తప్పితే చాలు, ఇరుక్కుపోతుంది. ఆ బల్లపరుపు అడుగు మొరటుతనం కాదు, నదిని ఎరిగినవాడి తెలివి.

నలభై ఎనిమిదో వంతంటే అడుగుకు పావు అంగుళం. దోణి పదిహేడున్నర అంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు, మూడంగుళాల లోతు అవుతుంది. బల్ల మీద హాయిగా పడుతుంది. వెన్నుపలక కోసి, దానికి అడ్డంగా వరసగా అడ్డుపలకలు నిలబెట్టాలి. రెండు కొసలూ ఒకే తీరు కాబట్టి సగం ఓడకు గీసిన అచ్చులే తిరగేసి మిగతా సగానికి వాడుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన ఓడ దొరకదు. తర్వాత ఓ సన్న బద్దను అడ్డుపలకల మీదుగా వంచి చూడాలి. అన్నిటి మీదా ఆనాలి. ఎక్కడైనా సందులోంచి వెలుతురు వస్తే అక్కడ తక్కువైంది, ఎక్కడైనా బద్ద ఎగదన్నితే అక్కడ ఎక్కువైంది. ఈ పనికి రెండు వారాలు పట్టినా పట్టనివ్వండి. ఇక్కడ తొందరపడితే ఆ వంకర చివరిదాకా వెంటాడుతుంది.

పలకలు వెయ్యడం అసలు పరీక్ష. ఓడ నడుము దగ్గర చుట్టుకొలత ఎక్కువ, కొసల దగ్గర తక్కువ. రెండుచోట్లా పడేది అన్నే పలకలు. కాబట్టి రెండుచోట్లా కొలిచి పలకల సంఖ్యతో భాగించి, ప్రతి పలకనూ ఆ లెక్కన కొసలవైపు సన్నం చెయ్యాలి. వేడినీళ్లలో నానబెట్టి, కాలిన ఇనుప గొట్టం మీద మెల్లగా వంచాలి. పదిహేడు అంగుళాల బద్దను ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే వేసేస్తే అది బొమ్మ అవుతుంది, ఓడ కాదు. డెబ్బై అడుగుల పలక ఏ చెట్టు ఇస్తుంది? ఇరవై పాతిక అడుగుల పలక అనుకుంటే నమూనాలో అయిదారు అంగుళాలు. అక్కడ అతుకు రావాలి. పక్కపక్క పలకల అతుకులు ఒకచోట పడకూడదు.

కర్ర విషయంలో చాలామంది టేకు ఓడకు టేకే కావాలంటారు. వద్దు. టేకు గీతలు, రంధ్రాలు ఆ కొలతలో కాలువల్లా కనిపిస్తాయి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు నయం. నున్నన, బిగువు, అంచు నిలుస్తుంది. కొండపల్లి వాళ్ల పొనికి చేతికి తేలికే కానీ మరీ మెత్తన, చెయ్యి తిరగడానికి ముద్దకర్రగా చెక్కుకోవాలంటే పనికొస్తుంది. కొయ్యమేకులు వెదురుతో చేసుకోవాలి. వెదురు పుల్లను ఇనుప రేకులోని రంధ్రాల గుండా ఒకదాని తర్వాత ఒకటి లాగితే మిల్లీమీటరు లోపుకు దిగుతుంది.

తాడు దగ్గర కోనసీమవాళ్లకు ఓ ఆశ పుడుతుంది, కొబ్బరి పీచు మన చేతిలోనే ఉందిగా అని. పీచు పోగు మిల్లీమీటరులో అయిదో వంతు లావనుకుంటే, నలభై ఎనిమిది రెట్లకు దాదాపు సెంటీమీటరు. అసలు ఓడలో ఒక్క పోగే చిటికెన వేలంత అన్నమాట! అందుకని సన్న నూలు పోగులే పేనుకుని పీచు రంగు అద్దాలి, నూగు లేవకుండా తేనెమైనం పట్టించాలి. తెరచాపకూ ఇదే చిక్కు. ఎంత సన్నని గుడ్డయినా ఆ కొలతకు గోనెలా కనిపిస్తుంది. చుట్టి కట్టేసిన తెరచాపగా చూపడమే మేలని నా అభిప్రాయం.

దోణి చేశాక ఆల్బట్రాస్‌కు వెళ్లొచ్చు. అందులో పని పదింతలు. ఫిరంగులు, వాటి కన్నాలు, రెండు స్తంభాలకూ అడ్డుకర్రలు, వందల కొద్దీ తాళ్లు. అప్పటి బ్రిటిష్ యుద్ధనౌకలకు అడుగున రాగి రేకులు తొడిగేవారు. నాలుగడుగుల రేకు నమూనాలో ఒక్క అంగుళం. ఇంత పని ఉన్నా ఆధారాలు మాత్రం తేలికగా దొరుకుతాయి, ఆ నౌకాదళం పటాలు గ్రెనిచ్ మ్యూజియంలో వేలకొద్దీ ఉన్నాయి. కొరంగిలో ఆ ఓడ పలకలు విప్పి బిగించిన మన చేతులకు మాత్రం అలాంటి బీరువా లేదు.

ఎడై లాగే ఫ్రెంచి నౌకాధికారి పారీ కూడా 1829లో బయల్దేరిన లా ఫేవరిట్ ఓడ ప్రయాణంలో కోరమండల్ తీరపు పడవలను కొలిచి గీశాడు. 1871లో పారిస్ నౌకా మ్యూజియం అధిపతి అయ్యాక తన పటాల నుంచి ఆసియా పడవలకు నమూనాలు చేయించాడు. మన పడవలను చూడ్డానికి పారిస్ పోవాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది. ఆ పని ఇక్కడా జరగాలి. ఫైబర్ పడవలు వచ్చి కొయ్యపని తగ్గిపోతోంది. తాళ్లరేవు వైపు కొయ్య పడవలు కట్టిన పెద్దవాళ్లు ఉండగానే నమూనా చేసేవాళ్లు వాళ్ల పక్కన కూర్చోవాలి. పలకల సందులో నూలు ఎలా కూరతారు, గుగ్గిలం ఏ నూనెలో మరిగిస్తారు, వంపు కర్రకు ఏ కొమ్మ ఏరుకుంటారు అని అడిగి రాసుకోవాలి. నమూనా పూర్తయ్యాక కింద ఓ చీటీ అంటించాలి. పొడవు, వెడల్పు, అడుగు ఎడై కొలతలు. సందు పూడ్చిన తీరు మేస్త్రి చెప్పింది. చుక్కాని ఆకారం నా ఊహ. ఏది ఎక్కడిదో అందులో విడివిడిగా రాయాలి. రేపు ఎవరికైనా మరో పాత పటం దొరికితే ఆ చుక్కాని ఒక్కటీ ఊడదీసి మార్చుకుంటారు.