దారిపక్కన పడున్నది ఎవరు?

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గురించి రాసే కథకులకు కరుణ తక్కువేమీ కాదు. నేను చదివిన చాలా కథల్లో కోయవాడు ఆకలితో ఉంటాడు, మోసపోతాడు. బయటినుంచి వచ్చిన టీచరో డాక్టరో అతన్ని చూసి కరిగిపోతాడు. కథ అక్కడితో ముగుస్తుంది. ఆ కరుణ ఎక్కడ నిలబడి చూస్తోందన్నదే నా ప్రశ్న.

ఈ ప్రాంతంలో కరుణను ఒక వ్యవస్థగా నడిపిన చరిత్ర క్రైస్తవ మిషన్లకు ఉంది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 19వ శతాబ్దంలోనే కోయల మధ్య మిషన్ వెలిసింది. లూకా సువార్త కోయ భాషలోకి వెళ్లింది. మంచి సమరయుని కథ ఉన్నది ఆ సువార్తలోనే. దాన్ని మనం దీనులకు సాయపడమనే నీతిగా చదువుకుంటాం. కాని కథ నిర్మాణం వేరు. దొంగల దెబ్బలకు పడిపోయినవాణ్ణి యాజకుడు, లేవీయుడు చూసి కూడా దాటిపోతారు. గాయాలు కట్టి, పూటకూళ్లవాడికి డబ్బిచ్చి అప్పగించినవాడు సమరయుడు, అంటే వింటున్న యూదులు ఏవగించుకునే జాతివాడు. ఇక్కడ హీనుడు కరుణకు పాత్రుడు కాడు, కర్త.

1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందే ఎడింబరో మహాసభలో ఆయన మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, మాకు కావలసింది స్నేహితులు అన్నాడు. పై నుంచి దిగే దయకూ పక్కన నిలిచే స్నేహానికీ తేడా ఇదే.

2005 తర్వాత సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ విడిచి ఈ అడవుల్లోకి వచ్చిన గుత్తికోయలను తీసుకోండి. అడవి నరుకుతున్నారని అధికారులకు కోపం, ఉన్న కాస్త భూమికి పోటీ వచ్చారని స్థానికులకు కినుక. వాళ్లమీద జాలి కథలు రాయడం తేలిక. గుత్తికోయ చేతి సాయంతో బతికి, ఆ రుణాన్ని ఒప్పుకోలేక గింజుకునే మైదానపు మనిషిని చిత్రించడం కష్టం. ఆ కష్టమైన కథే మనకు కావాలి.

అయినా సువార్త కథతోనే మన పని తీరదు. దొంగలెవరో ఆ కథ అడగలేదు. అభ్యుదయ రచయిత అడగాలి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని 1970 నుంచి 1/70 చట్టం చెబుతోంది. కన్నీళ్లు పెట్టుకునే పాత్ర ఇల్లు ఎవరి భూమిలో ఉందో చెప్పని కథ, ఎంత కరుణ ఒలికించినా, యాజకుడి దారినే పోతుంది.