ఎవరు రాసిన రాత?

గ్రీకు విషాద నాటకం అనగానే "విధి బలీయము" అని రాసి మార్కులు తెచ్చుకోవడం మన పిల్లలకు అలవాటు. పిల్లలననేల, గైడు పుస్తకాలు రాసే పెద్దలదీ అదే పాట. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు బోధించిన డాడ్స్ పండితుడు విద్యార్థుల జవాబు పత్రాలు దిద్ది దిద్ది విసిగి, సోఫోక్లిస్ 'ఈడిపస్ రాజు'ను ఎన్ని విధాల అపార్థం చేసుకుంటున్నారో 1966లో ఒక వ్యాసమే ప్రకటించాడు. బడిపంతుళ్ళం కనుక ఆయన బాధ మాకు బాగా తెలుసు. అయితే మన ఇళ్ళలో ఈ అపార్థానికి వేరే కారణం కూడా ఉంది. మనం ఏ నాటకమూ చదవక ముందే "తలరాత" అనే మాట నేర్చుకుని ఉంటాం.

కథ చాలామంది చదువరులు ఎరిగినదే. తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతావని డెల్ఫీ దేవవాణి చెబితే, ఆ పాపానికి జడిసి ఈడిపస్ పెంచిన ఊరు కోరింత్ విడిచి పోయాడు. మూడు దారుల కూడలిలో ఎవరో ముసలివాణ్ణి చంపాడు. థీబ్స్ నగరాన్ని పీడించే స్ఫింక్స్ పొడుపుకథ విప్పి, రాజై, రాణిని పెళ్ళాడాడు. ఆ ముసలివాడే తండ్రి, ఆ రాణే తల్లి.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. నాటకం మొదలయ్యేసరికి ఇదంతా జరిగి ఏళ్ళు గడిచాయి. విధి చేయవలసిన పని చేసి చేతులు కడుక్కుంది. రంగం మీద మనం చూసేది ఒక్క పగలు జరిగే విచారణ మాత్రమే. ఊళ్ళో తెగులు ఎందుకు వచ్చిందో కనుక్కు రమ్మని బావమరిదిని పంపినది ఈడిపసే. పాత రాజును చంపినవాణ్ణి శపించినదీ, సాక్షులను పిలిపించినదీ అతడే. అంధ జ్యోతిష్కుడు టైరీసియస్ నోరు విప్పనంటాడు. రాణి జొకాస్టా ఇక అడగవద్దని బతిమాలుతుంది. చివరికి ముసలి గొర్రెలకాపరి కూడా వద్దని వేడుకుంటాడు. ముగ్గురు ఆపినా ఆగలేదు. ఈ విచారణ చేస్తావని ఏ దేవవాణీ చెప్పలేదు. నిజం తెలిశాక కళ్ళు పొడుచుకుని, ఈ కష్టాలు తెచ్చినవాడు అపోలో దేవుడే గాని పొడిచిన చెయ్యి మాత్రం తనదేనంటాడు. నాటకం మొత్తం ఆ చోట ఉందని మేమంటాం.

ఈడిపస్ కోపిష్ఠి కనుక చెడ్డాడనే వాదం మరొకటుంది. అరిస్టాటిల్ వాడిన మాటను "గుణదోషం" అని తర్జుమా చేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మన "తప్పటడుగు" దానికి ఎంతో దగ్గర. కోపిష్ఠే, కాదనము. కాని శాంతమూర్తి అయినంత మాత్రాన అతని తల్లి వేరే స్త్రీ అయిపోతుందా?

ఇక మన తలరాత సంగతి. మేము ఉండే తంజోంగ్ పగార్‌లో పాత రైల్వే స్టేషను ఉంది. 1932లో తెరిచారు. 2011 జూన్ 30న చివరి రైలు వెళ్ళింది. ముఖభాగాన నాలుగు పాలరాతి విగ్రహాలు నిలిపి వాటికి వ్యవసాయం, పరిశ్రమ, వాణిజ్యం, రవాణా అని పేర్లు పెట్టారు. లోపలి గోడల మీది చిత్రాల్లో రబ్బరు పాలు తీసేవారు, వరి నాటేవారు కనిపిస్తారు. మలయా తోటల నుంచి రైలెక్కి వచ్చిన మనవారు ఎందరో ఆ చిత్రాల కిందనే దిగారు. చిత్రంలోని మనిషికి పని ఉంది, పేరు లేదు. తనంతట వచ్చాడా, ఎవరైనా తెచ్చారా, మరో దారి లేక వచ్చాడా అన్నది గోడ చెప్పదు.

ఇంట్లో అడిగినా అంతే. "మా తలరాత నాయనా" అంటారు. బ్రహ్మ నుదుట రాశాడనుకుందాం, మరి కాగితం మీద రాసినదెవరు? గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెల్లో అప్పు ఉంది, కరువు ఉంది, మాటకారి మేస్త్రీ ఉన్నాడు, చదవలేని కాగితం ఉంది. ఒప్పంద కూలీ పద్ధతి మలయాలో 1910 వరకూ, కంగాణీ పద్ధతి 1938 వరకూ సాగడం దైవలీల కాదు. అవి మనుషులు పెట్టినవి, మనుషులే తీసేసినవి. తలరాత అన్న మాట తాతను నింద నుంచి తప్పిస్తుంది, నిజమే. కాని అదే మాట మేస్త్రీనీ, తోట దొరనూ కూడా తప్పిస్తుంది. గడువు తీరాక కొందరు తిరిగి పోయారు, కొందరు ఉండిపోయారు. ఒకే అప్పు, ఒకే కాగితం, రెండు దారులు. ఉండిపోవడం వెనుక ఉన్న ఆలోచనను కూడా ఆ మాట తుడిచివేస్తుంది.

అడగవద్దనే అవ్వల మీద మాకు కోపం లేదు. జొకాస్టా కూడా ప్రేమతోనే వద్దంది. అడగడం లాభమని సోఫోక్లిస్ ఎక్కడా అనలేదు. అడిగిన ఇంట్లో రాణి ఉరిపోసుకుంది.

సోఫోక్లిస్ పోయిన తరువాత, క్రీ.పూ. 401లో ప్రదర్శించిన 'కొలోనస్‌లో ఈడిపస్' మన పాఠకులు తప్పక చదవవలసిన నాటకం. ఎందుకో ఇది బళ్ళలో అంతగా వినపడదు. గుడ్డి ముసలివాడు కూతురి చెయ్యి పట్టుకుని పరాయి ఊరికి వస్తాడు. ఊరివాళ్ళు పొమ్మంటే, తెలియక చేశాను, చేసినదానికన్నా అనుభవించినదే ఎక్కువ అని వాదిస్తాడు. పొడిచిన చెయ్యి నాదే అన్నవాడే, పాపం నాది కాదంటున్నాడు! రెండు మాటలకూ పొత్తు ఉంది. కావాలని చేసినదాన్ని ఒప్పుకుంటాడు, తెలియక తన మీద పడినదాన్ని ఒప్పుకోడు. ఏథెన్సు రాజు థీసియస్ అతనికి చోటిస్తాడు. ముసలివాడు ఆ పరాయి నేలలోనే కలిసిపోయి ఆ నేలకు రక్షగా నిలుస్తాడు.

ఆ నాటకంలోనే కొడుకు పోలినైసిస్ వస్తాడు. తమ్ముడు లాక్కున్న రాజ్యం కోసం థీబ్స్ మీదికి సేన నడిపిస్తున్నాడు. తమ్ముడి చేతిలో చస్తావు, తమ్ముణ్ణి చంపుతావు అని తండ్రి శపిస్తాడు. సేనను మళ్ళించమని చెల్లెలు యాంటిగని ఏడుస్తుంది. ఓడతానని తెలిసీ అతడు మళ్ళడు. ఈ ఘట్టం చదివితే కర్ణుడు గుర్తురాని తెలుగువాడుండడు. మనవారికి పడక సీను, రాయబారం పద్యాలు నోటికి వచ్చు. రాయబారం చెడిన తరువాత కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని జన్మరహస్యం చెప్పే ఘట్టం అంతగా రాదు. సంఘం తరగతుల్లో అక్షరాలు దిద్దుకున్న మాకు తిక్కన ఉద్యోగపర్వం టీక లేకుండా కొరుకుడు పడదు గాని, ఈ ఒక్క చోటు కోసమైనా ఆ శ్రమ పడవచ్చు. పోలినైసిస్ రాజ్యం కోసం పోతున్నాడు. కర్ణుడికి రాజ్యం ఇస్తామంటే వద్దన్నాడు. పాండవులు గెలుస్తారని కృష్ణుడితో తానే అన్నాడు. పెంచిన తల్లిదండ్రులనూ, దుర్యోధనుడి స్నేహాన్నీ విడువనన్నాడు. ఈ రహస్యం ధర్మరాజుకు చెప్పవద్దని కోరాడు. తెలిస్తే ధర్మరాజు రాజ్యం తనకిస్తాడు, తాను దాన్ని దుర్యోధనుడికి ఇవ్వవలసి వస్తుంది. పోలినైసిస్ సిగ్గుకు కట్టుబడ్డాడు, కర్ణుడు మాటకు కట్టుబడ్డాడు. అందుకే మాకు కర్ణుడే పెద్దగా కనిపిస్తాడు.

యాంటిగని సంగతి వేరు. చస్తే తనకు అంత్యక్రియలు జరిపించమని పోలినైసిస్ అడిగి వెళ్ళాడు. తండ్రి పోయాక ఏథెన్సులో ఆమె నిశ్చింతగా ఉండవచ్చు. ఆమె మీద ఏ దేవవాణీ లేదు. థీబ్స్‌కు పంపించు, అన్నదమ్ముల చావును ఆపగలమేమో చూస్తాము అని థీసియస్‌ను అడుగుతుంది. అతడు సరేనంటాడు.